ఒకరు పోయాక ఆ ఇంట్లో మిగిలినవాళ్ళ గుండె ఎవరు చూస్తారు? రెండు తెలుగు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలకి బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగార్లకి, ఆ శాఖల్లో ఫైళ్ళు నడిపే ఆఫీసర్లకి, టీచింగ్ హాస్పిటల్స్‌లో ఫోరెన్సిక్ డిపార్ట్‌మెంట్ పెద్దలకి నమస్కారం.

పెద్ద ఉత్తరాలు సగం చదివి పక్కన పడేస్తారని తెలుసు కాబట్టి ముందు కావాల్సింది అడిగేస్తా, ఎందుకో తర్వాత చెప్తా. నలభై ఏళ్ళ లోపు మనిషి బాగానే ఉండి ఉన్నట్టుండి కుప్పకూలి చనిపోతే, పోస్ట్‌మార్టంలో గుండెని పద్ధతిగా కోసి చూసి గోడల మందం ఎంతుందో రాయండి, డీఎన్ఏ టెస్టుకి పనికొచ్చేలా కాస్త రక్తం దాచిపెట్టండి, ఆ ఇంట్లో మిగిలిన అమ్మానాన్నలకి, తోడబుట్టినవాళ్ళకి, పిల్లలుంటే పిల్లలకి ఈసీజీ, 2డి ఎకో (గుండె స్కాన్) ఫ్రీగా తీయించండి. అంతే.

నేను డాక్టర్ని కాను, డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తా. జెనెటిక్స్ పాఠంలో తల్లిదండ్రుల్లో ఒక్కరికి లోపం ఉన్నా పిల్లల్లో సగం మందికి వచ్చే అవకాశం ఉన్న జబ్బులు అని ఒక టాపిక్ ఉంటుంది, దానికి పుస్తకంలో ఎప్పుడూ ఇచ్చే ఉదాహరణలు మన పిల్లలు ఒక్కళ్ళు కూడా చూసి ఉండరు, అందుకని నేను క్రిస్టీన్ సైడ్‌మన్ కథ చెప్పడం మొదలుపెట్టా. బోస్టన్‌లో బ్రిగమ్ అండ్ విమెన్స్ హాస్పిటల్‌లో కార్డియాలజిస్టు ఆవిడ, హార్వర్డ్ మెడికల్ స్కూల్లో ప్రొఫెసర్, భర్త జొనాథన్ సైడ్‌మన్ జెనెటిక్స్ మనిషి, ఇద్దరూ కలిసి ఒకే ల్యాబ్ నడిపారు. పేషెంట్లని చూసే ఆవిడా జీన్లు చదివే ఆయనా ఒకే ఇంట్లో ఉండటం వల్లే ఈ పని ఇంత దూరం వెళ్ళిందని నా అభిప్రాయం, మన దగ్గర ఆ రెండు రకాల మనుషులు ఒకే ఊళ్ళో ఉండి కూడా కలుసుకోరు, ఆ సంగతికి తర్వాత వస్తా.

కథ ఆవిడకంటే ముందే మొదలైంది, మొదలుపెట్టింది ఫోరెన్సిక్ డాక్టరే, అందుకే మిమ్మల్ని కూడా పైన కలిపి పిలిచా. లండన్‌లో డొనాల్డ్ టేర్ అని పోస్ట్‌మార్టంలు చేసే పెద్దాయన ఉండేవాడు (బ్రూస్ లీ చనిపోయినప్పుడు హాంకాంగ్ విచారణలో సాక్ష్యం చెప్పింది ఈయనే, మా క్లాసులో ఈ ముక్కకే అందరూ తలెత్తుతారు). 1958లో ఆయన 8 మంది గుండెల గురించి రాశాడు, దాదాపు అందరూ వయసులో ఉండగా హఠాత్తుగా పోయినవాళ్ళే. గుండెలో రెండు కింది గదుల మధ్య ఉండే గోడ ఒకవైపు అసహ్యంగా లావెక్కిపోయి ఉంది, మొదట ట్యూమర్ ఏమో అనుకున్నాడు, తర్వాత చూస్తే కండరమే, కాకపోతే కండరం పోగులు వరసలో లేకుండా అడ్డదిడ్డంగా అల్లుకుపోయి ఉన్నాయి. రెండేళ్ళకి అందులో ఒకరి కుటుంబాన్ని పిలిచి పరీక్ష చేస్తే బతికున్నవాళ్ళలోనూ అదే కనిపించింది. ఇప్పుడు దాన్నే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతీ అంటున్నాం, డాక్టర్ల నోట్లో హెచ్‌సీఎం. గుండె రక్తనాళాల్లో బ్లాకులు ఉండవు, స్టెంట్ వేసేదేమీ ఉండదు, లావెక్కిన కండరంలో కరెంటు దారి తప్పి గుండె కొట్టుకోవడం మానేసి వణుకుతుంది, పక్కన సీపీఆర్ తెలిసినవాడో షాక్ ఇచ్చే మెషినో లేకపోతే నిమిషాల్లో అయిపోతుంది.

1961లో కెనడా డాక్టర్లు క్విబెక్‌లో కోటికుక్ అనే చోటి ఫ్రెంచ్ కుటుంబం గురించి రాశారు, తరాల తరబడి ఆ ఇంట్లో మనుషులు చిన్న వయసులోనే పోతున్నారు. మన ఊళ్ళల్లో అయితే శాపం అనో నాగదోషం అనో అంటాం, అక్కడా అలాంటి మాటలు అనుకోకుండా ఉండరు. సైడ్‌మన్ టీమ్ ఇదే కుటుంబం రక్తం శాంపిల్స్‌తో పని మొదలుపెట్టింది. అప్పటికి మనిషి జీనోమ్ మ్యాప్ లేదు, జీన్ ఎక్కడుందో వెతకాలంటే చీకట్లో తడుముకోవడమే, ఇంట్లో జబ్బు ఉన్నవాళ్ళందరిలో కలిసి వస్తున్న డీఎన్ఏ గుర్తు ఏది, జబ్బు లేనివాళ్ళలో లేనిది ఏది అని ఒక్కో క్రోమోజోమ్ మీదా గాలించుకుంటూ పోవాలి. 1989లో 14వ క్రోమోజోమ్ దగ్గర ఆగారు, 1990లో జీన్ దొరికింది, గుండె కండరాన్ని లాగే మయోసిన్ అనే ప్రొటీన్‌ది. ఆ ప్రొటీన్‌లో 403వ చోట ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సింది, దాని బదులు గ్లూటమిన్ అనేది ఉంది. డీఎన్ఏలో ఒక్క అక్షరం తేడా, అంతకు మించి ఏమీ లేదు.

ఇక్కడ ఆగి ఒకటి చెప్పాలి. ఆ కుటుంబంలో చనిపోయినవాళ్ళు ఎలాగూ రాలేదు, బతికున్నవాళ్ళు చేతులు చాపి రక్తం ఇచ్చారు, జబ్బు ఉన్నవాళ్ళతో పాటు లేనివాళ్ళు కూడా ఇచ్చారు, లేనివాళ్ళు ఇవ్వకపోతే పోలిక ఎక్కడ నుంచి వస్తుంది, జీన్ దొరికేదే కాదు. మన దగ్గర ఒక చావు తర్వాత ఆ ఇంటికి ఎవరైనా వెళ్ళి మీ మిగతావాళ్ళు ఒకసారి రండి అని అడిగిన సందర్భం నాకైతే కనపడలేదు.

ఆ తర్వాత క్రిస్టీన్ సైడ్‌మన్ కెరీర్ అంతా చెప్పాలంటే ఈ ఉత్తరం చాలదు, ఏరి చెప్తా. 1994కి హెచ్‌సీఎం అంటే ఒక్క మయోసిన్ జబ్బు కాదు, ట్రోపోనిన్, ట్రోపోమయోసిన్ ఇలా కండరాన్ని ముడిచే యంత్రంలో ఏ పార్టు పాడైనా వస్తుంది అని ఆ ల్యాబే తేల్చింది. పుట్టుకతో గుండెకి రంధ్రాలు, దానితో పాటు చేతుల ఎముకల్లో తేడాలు ఉండే హోల్ట్ ఓరమ్ సిండ్రోమ్‌కి టీబీఎక్స్5 అనే జీన్ కారణమని 1997లో బయటపెట్టిన వాటిలో వీళ్ళ పేపర్ ఒకటి. 2012లో టైటిన్ అనే, మన శరీరంలోనే అతి పెద్ద ప్రొటీన్, దాని జీన్ మధ్యలో తెగిపోతే గుండె సాగిపోయి బలహీనపడుతుందని, కుటుంబాల్లో వచ్చే ఆ రకం జబ్బులో నాలుగో వంతు దీనివల్లే అని చూపించారు. 2016లో ఇంకో పేపర్, కాన్పు టైములో గుండె ఫెయిలయ్యే ఆడవాళ్ళలో నూటికి 15 మందికి ఇలాంటి జీన్ మార్పులే ఉన్నాయని. ఈ చివరిది ఒక్కటి చాలు మీ మెటర్నల్ డెత్ రివ్యూ మీటింగుల్లో మాట్లాడుకోవడానికి, బాలింత గుండె ఆగి పోయింది అని రాసి ఫైలు మూసేస్తున్నారు కదా, ఆ అమ్మాయి చెల్లెలికి రేపు కాన్పు వస్తుంది.

మందు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే రీసెర్చ్ వల్ల మనకేంటి అనే వాళ్ళు మీ ఆఫీసుల్లో ఎక్కువ. గుండె కండరంలో మయోసిన్లని పడవలో తెడ్లు వేసేవాళ్ళు అనుకోండి, మామూలుగా ఒక దెబ్బకి కొంతమంది వేస్తే కొంతమంది కూర్చుని రెస్ట్ తీసుకుంటారు, ఈ మ్యుటేషన్ (జీన్‌లో మార్పు) ఉంటే రెస్ట్ తీసుకోవాల్సినవాళ్ళు కూడా లేచి లాగుతుంటారు, దాంతో గుండె అవసరానికి మించి బిగుసుకుంటుంది, సరిగ్గా వదులవదు. 1996లో అదే 403 మార్పు పెట్టిన ఎలుకలని తయారు చేశారు, 2012లో సైడ్‌మన్లూ, స్టాన్‌ఫర్డ్‌లో జేమ్స్ స్పూడిచ్, కొలరాడోలో లెస్లీ లీన్‌వాండ్ కలిసి మయోకార్డియా అని మందుల కంపెనీ పెట్టారు, 2016లో ఎలుకల్లో కండరం లావెక్కకుండా ఆపగలిగారు, 2020లో 251 మంది పేషెంట్ల మీద చేసిన ట్రయల్ ఫలితాలు వచ్చాయి, 2022 ఏప్రిల్‌లో అమెరికాలో మావాకామ్టెన్ అనే మందుకి పర్మిషన్ వచ్చింది. అదనంగా లాగుతున్న మయోసిన్లని కూర్చోబెట్టే మందు అది. జీన్ దొరికిన 32 ఏళ్ళకి. మధ్యలో బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ అనే పెద్ద మందుల సంస్థ ఆ మయోకార్డియాని 1310 కోట్ల డాలర్లకి కొనేసింది, మందు ధర ఏడాదికి 89,500 డాలర్లు పెట్టారు, అప్పటి లెక్కలో మన డబ్బుల్లో 70 లక్షల దగ్గర. ఒక పల్లె కుటుంబం ఊరికే ఇచ్చిన రక్తంతో మొదలైన పని ఆ ధరకి చేరడం నాకు మింగుడుపడదు, సైన్స్ గొప్పదే, బిల్లు మాత్రం సిగ్గు లేనిది. 2023లో సైడ్‌మన్ల ల్యాబూ, టెక్సస్‌లో ఎరిక్ ఓల్సన్ ల్యాబూ ఎలుకల గుండెలో ఆ ఒక్క అక్షరాన్నే సరిచేసి చూపించాయి, అది మనుషుల దాకా రావడానికి ఇంకా టైమ్ ఉంది.

అయితే నేను మిమ్మల్ని ఆ 70 లక్షల మందు అడగట్లేదు. జబ్బు ఉందని ముందే తెలిస్తే మెటోప్రొలాల్ లాంటి చవక బీటా బ్లాకర్లతో లక్షణాలు తగ్గేవాళ్ళు చాలామంది, ఏ వ్యాయామం ఎంతవరకు చెయ్యొచ్చో చెప్పొచ్చు, ప్రమాదం ఎక్కువున్న కొద్దిమందికి ఛాతీలో షాక్ ఇచ్చే ఐసీడీ పెట్టొచ్చు. తెలియకపోతే మాత్రం ఏదీ కుదరదు.

ఎంతమంది ఉంటారు అంటారా? అమెరికాలో 1995లో మామూలు యువతీయువకులు నాలుగు వేల మందికి పైగా ఎకో చేసి చూస్తే సుమారు 500 మందిలో ఒకరికి ఈ జబ్బు ఉంది. ఆ లెక్క మనకీ వర్తిస్తుంది అనుకుంటే, 2011 జనాభా లెక్కల ప్రకారమే రెండు రాష్ట్రాల్లో 8 కోట్ల పైన ఉన్నాం, అంటే 1.6 లక్షల మంది పైమాటే. అందరూ హఠాత్తుగా పోరు, చాలామంది ముసలివాళ్ళయ్యేదాకా బానే బతుకుతారు, భయపెట్టడానికి చెప్పట్లేదు. కానీ అందులో ఎంతమందికి తమకి ఉందని తెలుసు?

ఇప్పుడు మన సంగతి. జిమ్‌లో పడిపోయాడు, బారాత్‌లో డాన్స్ చేస్తూ పడిపోయాడు, కబడ్డీ ఆడుతూ పడిపోయాడు, స్కూల్లో పిల్ల పడిపోయింది, సీసీటీవీ వీడియో వాట్సాప్‌లో తిరుగుతుంది, కింద నాలుగు కామెంట్లు కోవిడ్ టీకా వల్లే అని. ఐసీఎంఆర్ వాళ్ళు 2023లో దీని మీద స్టడీ వేశారు, 47 పెద్దాసుపత్రుల్లో 18 నుంచి 45 ఏళ్ళ మధ్య కారణం తెలియకుండా హఠాత్తుగా పోయిన 729 మందిని, వాళ్ళతో పోల్చడానికి 2916 మందిని తీసుకుని చూశారు. టీకా వల్ల ముప్పు పెరగలేదు. పెరిగింది దేనివల్ల అంటే, కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరినవాళ్ళకి, చనిపోయే ముందు రెండు రోజుల్లో విపరీతంగా తాగినవాళ్ళకి, ఒళ్ళు విరిగేలా కసరత్తు చేసినవాళ్ళకి, ఇంకా ఇంట్లో అంతకుముందు ఎవరైనా ఇలాగే హఠాత్తుగా పోయి ఉన్నవాళ్ళకి. ఈ చివరి దానికి ముప్పు రెండున్నర రెట్లు. టీకా మాట పేపర్లో పెద్ద అక్షరాల్లో వచ్చింది, కుటుంబం మాట ఎక్కడో చివర్లో పోయింది, నాకైతే అసలు వార్త అదే.

అన్ని చావులూ హెచ్‌సీఎం అని నేననట్లేదు, మనవాళ్ళకి ముప్పై అయిదుకే బ్లాకులు వచ్చేస్తున్నాయి, వైరల్ ఇన్ఫెక్షన్ గుండెకి పట్టి పోయేవాళ్ళున్నారు, పైకి ఏమీ కనపడని గుండె కరెంటు జబ్బులు వేరే ఉన్నాయి. కోసి చూస్తేనే కదా ఏది ఏదో తెలిసేది, మరి మనం ఏం చేస్తున్నాం? చాలా కేసుల్లో పోస్ట్‌మార్టమే ఉండదు, బిడ్డని కోయించొద్దు అని ఇంట్లోవాళ్ళు ఏడుస్తారు, ఎవరో ఒక లీడర్‌తో ఫోన్ చేయించి బాడీ తెచ్చేసుకుంటారు, వాళ్ళని నేను తప్పు పట్టను, ఆ గంటలో ఎవరైనా అలాగే చేస్తారు. పోలీసు పంచనామా అయ్యి పోస్ట్‌మార్టం జరిగినా విషం లేదు దెబ్బలు లేవు అని తేలాక ఎవరికీ ఇంటరెస్ట్ ఉండదు, కాగితం మీద కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్ అని రాస్తారు, చచ్చిపోయిన ప్రతి మనిషికీ గుండే ఊపిరీ ఆగే ఉంటాయి కదండీ, అది కారణం ఎలా అవుతుంది.

మా బంధువుల్లో ఒక కుర్రాడు సంక్రాంతికి ఊరొచ్చి వాలీబాల్ ఆడుతూ పోయాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికే అయిపోయింది అన్నారు, ఇచ్చిన కాగితంలో అదే మూడు ముక్కలు. వాడికో తమ్ముడు, వాడూ అదే గ్రౌండ్‌లో ఆడతాడు. ఒక్క డాక్టరు, ఒక్క నర్సు, ఒక్క ఏఎన్ఎం కూడా ఆ తమ్ముడికి ఈసీజీ తీయించండి అనలేదు. దశదినకర్మ అయ్యాక నేనే వాళ్ళ నాన్నని పక్కకి పిలిచి చెప్పా, ఏంట్రా ఇంకో పిల్లాడి మీద కూడా పడ్డావా అన్నట్టు చూశాడు, తర్వాత తీసుకెళ్ళాడు. ఎకో నార్మల్ వచ్చింది, ఇది పెరిగే వయసులో బయటపడే జబ్బు కాబట్టి ఏడాది రెండేళ్ళకోసారి చూపించుకోమన్నారు. అన్న గుండె ఎలా ఉందో ఎవరూ చూడలేదు కాబట్టి ఆ పిల్లాడు అసలు దేనికోసం ఎన్నేళ్ళు టెస్టులు చేయించుకోవాలో చెప్పేవాళ్ళు లేరు. అన్న రక్తం రెండు చుక్కలు దాచి ఉంటే, అందులో మ్యుటేషన్ దొరికి ఉంటే, తమ్ముడికి ఒక్క టెస్టుతో ఉందో లేదో తేలిపోయేది, లేకపోతే జీవితాంతం ఈ భయమే ఉండేది కాదు. హెచ్‌సీఎం ఉన్న అందరిలోనూ జీన్ మార్పు దొరకదు, నాకు తెలుసు, కానీ చాలామందిలో దొరుకుతుంది.

మన దగ్గర ఇది చేసే సత్తా లేదా అంటే, హైదరాబాద్ హబ్సిగూడలో జీన్ల మీద పరిశోధన చేసే సీసీఎంబీ ఉంది. 2009లో అక్కడి కుమారస్వామి తంగరాజ్, అప్పట్లో మదురైలో చదివిన దండపాణి, ఇంకా చాలామంది కలిసి నేచర్ జెనెటిక్స్‌లో పేపర్ వేశారు, ఎంవైబీపీసీ3 అనే గుండె జీన్‌లో 25 అక్షరాలు ఎగిరిపోయిన మార్పు మన ఉపఖండంలో నూటికి నలుగురిలో ఉందని, అది ఉన్నవాళ్ళకి వయసు పెరిగేకొద్దీ గుండె కండరం జబ్బు వచ్చే అవకాశం ఎక్కువని. అప్పుడు పత్రికల్లో ఆరు కోట్ల మంది గుండెల్లో టైమ్ బాంబు అన్నట్టు రాశారు. తర్వాత కథ ఆ పత్రికలు రాయలేదు. 2018లో అమెరికాలో సడయప్పన్ టీమ్, ఆ మార్పు ఉన్నవాళ్ళందరూ ఒకటి కాదు, దాని పక్కనే ఇంకో మార్పు కూడా ఉన్న కొద్దిమందిలోనే గుండె తేడాగా పనిచేస్తోంది అంది. 2020లో బ్రిటన్‌లో ఉన్న దక్షిణాసియా పేషెంట్లని చూసినవాళ్ళు, హెచ్‌సీఎం ముప్పు ఆ 25 అక్షరాల వల్ల కాదు, దానితో పాటు కొంతమందిలో అంటుకుని వచ్చే వేరే అరుదైన మార్పు వల్ల అని చూపించారు. అంటే నూటికి నలుగురు భయపడాల్సిన పని లేదు, అందులో ఒక చిన్న గుంపుని పట్టుకోవాలి. మన కుటుంబాలని మనమే వరసగా చూసి ఉంటే ఈ ముక్క హైదరాబాద్‌లోనే తేలి ఉండేది అని నాకు కచ్చగా ఉంటుంది.

తెల్లవాళ్ళ డీఎన్ఏతో కట్టిన జబ్బు మ్యుటేషన్ల లిస్టులు మనకి పెట్టి చూస్తే తప్పులు వస్తాయి, ఇది ఊహ కాదు. 2016లో అమెరికాలోనే బయటపడింది, నల్లవాళ్ళలో మామూలుగా ఉండే తేడాలని హెచ్‌సీఎం మ్యుటేషన్లు అని రిపోర్టులు ఇచ్చేశారు, పోల్చడానికి తీసుకున్నవాళ్ళలో నల్లవాళ్ళు సరిపడా లేకపోవడం వల్ల. మనకి ఇంకో కోణం కూడా ఉంది, మేనరికాలు. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ అదే మార్పు రెండు కాపీలు వస్తే పసిపిల్లలప్పుడే గుండె ఫెయిలవుతుంది, అమెరికాలో తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకునే ఆమిష్ వాళ్ళలో ఈ ఎంవైబీపీసీ3 జీన్‌తోనే అలా జరిగింది. మన దగ్గర పుట్టి నెలలు తిరక్కుండా పోయిన పిల్లలకి నిమోనియా అని రాసి ఊరుకున్నవి ఎన్నో.

ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ ఉంది, డీఎన్ఏ టెస్టులు చేస్తారు. నిమ్స్‌లో జెనెటిక్స్ డిపార్ట్‌మెంట్ ఉంది. తెలంగాణ డయాగ్నస్టిక్స్‌లో ఈసీజీ, 2డి ఎకో ఉన్నాయి. గుండెపోటు వస్తే ఈసీజీ తీసి దూరంగా ఉన్న డాక్టర్‌కి పంపే స్టెమీ ఏర్పాటు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. పైన చెప్పిన రెండు రకాల మనుషులు అంటే వీళ్ళే, ఉప్పల్ రోడ్డు మీద జీన్లు చదివేవాళ్ళూ, ఉస్మానియా, గాంధీ హాస్పిటల్ మార్చురీల్లో గుండెలు చూసేవాళ్ళూ. వాళ్ళ మధ్య ఒక కాగితం నడవాలి, ఆ కాగితం మీరే ఇవ్వగలరు.

చిన్నగా మొదలుపెట్టండి, ఒక ఏడాది పాటు రెండు రాష్ట్రాల్లో నాలుగైదు టీచింగ్ హాస్పిటల్స్‌లో చాలు. పోస్ట్‌మార్టం ఫారంలో గుండె బరువు, మధ్య గోడ మందం, రక్తనాళాల పరిస్థితి రాసే గడులు తప్పనిసరి చేయండి, కండరం ముక్క మైక్రోస్కోప్ కింద చూడమనండి. పోస్ట్‌మార్టం వద్దన్న ఇంట్లో బలవంతం పెట్టొద్దు, రక్తం ఒక్కటి తీసుకుంటాం మీ మిగతా పిల్లల కోసం అని చెప్పే మనిషిని మార్చురీ దగ్గర పెట్టండి, అలా అడిగితే కాదనే తల్లి తక్కువ. దినాలయ్యాక ఏఎన్ఎం ఆ ఇంటికి వెళ్ళి స్లిప్ ఇవ్వాలి, ఆ స్లిప్ చూపిస్తే జిల్లా ఆస్పత్రిలో ఆ కుటుంబానికి ఈసీజీ, ఎకో లైన్లో నిలబడకుండా చేయాలి. బయట చేయించుకుంటే ఒక్కొక్కరికి రెండు మూడు వేలు అవుతుంది, నలుగురున్న కూలీ ఇంటికి అది నెల తిండి. తేడా కనపడినవాళ్ళని ఆరోగ్యశ్రీలో, అక్కడ ఎన్టీఆర్ వైద్య సేవలో చేర్చి ఫాలోఅప్ కూడా కవర్ చేయండి, పిల్లలకి ఒక్కసారి నార్మల్ వచ్చిందని వదిలేయకుండా మళ్ళీ పిలవండి. జబ్బు ఉందని తెలిస్తే ఆడపిల్లకి సంబంధాలు రావని దాచిపెట్టే ఇళ్ళు ఉంటాయి, అందుకని రిపోర్టులు వాళ్ళ చేతికే ఇవ్వండి, ఊరి వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళే దారి లేకుండా చూడండి.

దీనికి ఎంత అవుతుందో మీ ఆర్థిక శాఖవాళ్ళు నాకంటే బాగా లెక్కేస్తారు. జీవో డ్రాఫ్ట్ చేసేటప్పుడు కార్డియాలజీ, ఫోరెన్సిక్, జెనెటిక్స్ ముగ్గుర్నీ ఒకే రూములో కూర్చోబెట్టండి, వేరే వేరేగా అభిప్రాయాలు అడిగి ఫైలు తిప్పితే మళ్ళీ సంక్రాంతి వచ్చేస్తుంది.

ఇట్లు
ఒక డిగ్రీ కాలేజీ జువాలజీ లెక్చరర్
ఖమ్మం జిల్లా